తాత చేతికి కత్తి

నా మంత్రగాడి చేతిలో ఇప్పుడు కత్తి ఉంది. ఫోన్లో ఆడే ఆ ఆట తెలియనివాళ్ళకు ఇందులో ఏడవాల్సిందేముందో అర్థం కాదు. అందుకని మొదటి నుంచి చెప్తాను. పాప ఇప్పుడే నిద్రపోయింది. మళ్ళీ లేచేలోపు రాసినంత రాస్తాను.

నేను శేరిగూడలో ఇంజనీరింగ్ చదువుతుండగా కరోనా వచ్చి కాలేజీ మూతపడింది. క్లాసులన్నీ ఫోన్లో అన్నారు. మా ఊరు కోహెడ దాటి ఇంకా లోపలికి. అప్పటికి మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను ఒక్కటే. బాపు వడ్లు అమ్మి వచ్చిన రోజే నాకొక పెద్ద ఫోను తెచ్చి, "సార్లు జెప్పేది మంచిగ ఇను బిడ్డా" అని చేతిలో పెట్టాడు. మా ఇంటి డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే సిగ్నల్. సార్లు చెప్పేది సగంలో ఆగిపోయేది. విచిత్రంగా, అదే సిగ్నల్‌తో క్లాస్‌మేట్ పంపిన ఆట మాత్రం ఆగకుండా నడిచేది.

అదొక పెద్ద లోకం. వేలమంది ఒకేసారి అందులో తిరుగుతుంటారు. లోపలికి వెళ్ళేముందు ఎవరికి వాళ్ళు ఒక మనిషిని తయారుచేసుకోవాలి. కత్తి పట్టేవాడు, బాణాలు వేసేవాడు, గాయాలు మాన్పేవాడు, మంత్రగాడు. ఆడమనిషి బొమ్మను పెట్టుకుంటే పొద్దున్నే "హాయ్, ఏ ఊరు?" అంటూ కుప్పలుగా మెసేజ్‌లు వస్తాయని నా క్లాస్‌మేట్ ముందే చెప్పింది. నేను నడుం వంగిన ముసలి మంత్రగాడిని చేసుకున్నాను. నాభి దాకా తెల్ల గడ్డం, చేతిలో కర్ర. ఆ గడ్డం చూసి ఎవరూ ఏ ఊరని అడగలేదు.

ఒక్కో లెవెల్ పెరిగినప్పుడల్లా కొన్ని పాయింట్లు ఇస్తారు. వాటిని బలానికి, ప్రాణానికి, వేగానికి, తెలివికి మనమే పంచాలి. అందరూ అన్నిటికీ తలా కొంచెం పెట్టుకుంటారు. నేను ఉన్నవన్నీ తెలివికే పెట్టాను. తెలివి పెరిగితే మంత్రం పెరుగుతుంది. ప్రాణానికి పాయింట్లేవీ లేక నా ముసలాయన రెండు దెబ్బలకే చచ్చిపోయేవాడు. చూసినవాళ్ళంతా ఇదేం పిచ్చి అన్నారు. పైగా అందరికీ నచ్చే నిప్పు మంత్రాలు వదిలేసి మంచు మంత్రాలు నేర్చుకున్నాను. మంచు ఎవరినీ చంపదు. మీదికొచ్చేవాళ్ళ కాళ్ళు గడ్డకట్టించి ఆపుతుంది, అంతే. అలా ఒకరు ఆపితేనే మిగతావాళ్ళు కొట్టగలరు.

నేను చిన్నప్పటి నుంచీ భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా, గేటు గొళ్ళెం పెట్టానా అని మంచం ఎక్కాక కూడా లేచి వెళ్ళి చూసి వస్తాను. మా ఇంట్లో దాన్ని చాదస్తం అంటారు. మంత్రగాడిని ఆడేవాళ్ళకు మాత్రం ఆ చాదస్తమే కావాలి. ఎక్కడ నిలబడితే దెబ్బ తగలదు, ఎటు పారిపోవచ్చు, మళ్ళీ మంత్రం వేసే శక్తి ఎప్పటికి వస్తుంది, ఇవే నిమిషం నిమిషం ఆలోచించాలి. నా భయం పనికొచ్చిన చోటు ఈ భూమ్మీద అదొక్కటే.

మొదట్లో బురదగుంటలో కప్పలను చంపుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నాలన్నీ కప్పలే. తర్వాత తోడేళ్ళు, తర్వాత రాతి మనుషులు. అలా ఏళ్ళు గడిచాయి. ఎక్కడో ఒక కోటలో బహుమతిగా మరుపు సీసా దొరికింది. అది తాగిస్తే అప్పటిదాకా పెట్టిన పాయింట్లన్నీ తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి పంచుకోవచ్చు. నాకు తుడవాల్సిన అవసరం లేదు కాబట్టి దాన్ని సంచిలో అడుగున పడేశాను.

ఆ దారిలోనే నాకొక టీమ్ దొరికింది. ఐదుగురం, అందరం తెలుగువాళ్ళమే. టీమ్ పెద్ద నల్లగొండ వైపు మనిషి, మెడికల్ షాపు నడిపేవాడు. వాళ్ళంతా మైకులో మాట్లాడుకునేవాళ్ళు. నేను మాత్రం టైప్ చేసేదాన్ని. గడ్డం చూసి నాకు తాత అని పేరు పెట్టారు. ఎందుకు మాట్లాడడని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే టీమ్ పెద్దే జవాబు చెప్పేవాడు. "తాతకు గొంతు వోయింది. బీడీలు బంద్ జెయ్యమంటే ఇంటడా?" నేను నవ్వే బొమ్మ ఒకటి పంపేదాన్ని. పెద్ద గుహలోకి దిగేటప్పుడు మాత్రం జోకులుండవు. "తాత వచ్చిందాక ఎవ్వడు అడుగు వెయ్యొద్దు" అనేవాడు. కాలేజీలో నాలుగేళ్ళు చదివినా ఏ ఒక్కరూ నా కోసం అలా ఆగింది లేదు.

తర్వాత పెళ్ళయి ఇబ్రహీంపట్నం వచ్చాను. మా ఆయన తుక్కుగూడలో ఒక కంపెనీలో పని చేస్తాడు. కంపెనీ బస్సులో వెళ్ళి వస్తాడు. చెడ్డవాడు కాదు. ఈ మాట ఇప్పుడే చెప్పడం మంచిది, తర్వాత చెప్పాలనిపించకపోవచ్చు. పెళ్ళయిన కొత్తలో ఆధార్‌లో చిరునామా మార్చాలి, బ్యాంకులో పేరు మార్చాలి, గ్యాస్, రేషన్, అన్నీ మార్చాలి. నా దగ్గరున్న సిమ్ము బాపు పేరు మీదిది. "అన్నింటికి నా నంబరే ఇయ్యి. నీకెందుకు పరేషానీ" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. ఆ వారమంతా కనిపించిన ప్రతి చోటా ఆయన నంబరు రాశాను. బాపు సిమ్ము ఎలాగూ బందవుతుంది కదా అని ఆటలో కూడా నా చేతులతోనే ఆయన నంబరు కొట్టాను. అప్పుడది ఇంటిపేరు మార్చుకున్నంత మామూలుగా అనిపించింది.

మొదటి కాన్పుకు తల్లిగారింటికి వెళ్ళాను. పాప పుట్టింది. మా వైపు బాలింత చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కడతారు, గాలి సోకకుండా. నీళ్ళు కూడా వేడివే తాగాలి. ఫోను చూడకూడదని కొత్తగా చేర్చుకున్నారు.

"పచ్చి బాలింతవు. గా ఫోన్ల జూస్తే కండ్లు గుంజుతయి. రేపు సూదిల దారం ఎక్కియ్యరాదు నీకు" అంది అమ్మ.

"జరసేపే అమ్మా."

"జరసేపు లేదు, పాడు లేదు. ఇటియ్యి."

తీసుకుని బియ్యం డ్రమ్ములో దాచింది. ఇంట్లో నేను చెయ్యి పెట్టనిది అదొక్కటే అని ఆమె ధైర్యం. ఆమె పొలానికి వెళ్ళగానే నేను మోచేతి దాకా బియ్యంలోకి దింపి ఫోను తీసేదాన్ని. ఎడమ చేతిలో పాప పాలు తాగుతుండేది, కుడి బొటనవేలితో మంచు మంత్రాలు వేసేదాన్ని. మంత్రానికీ మంత్రానికీ మధ్య పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతుందో లేదో చూసేదాన్ని. చెవుల్లో దూది వల్ల టీమ్ మాటలేవీ వినపడేవి కావు. రాసిపెట్టిన మెసేజ్‌లు మాత్రం చదివేదాన్ని. "తాతా, యాడికి వోయినవే? కాశీకా?" అని ఉండేది. పని పడిందని టైప్ చేసి, అమ్మ వచ్చే అలికిడి కాకముందే ఫోనును బియ్యంలో పూడ్చేసేదాన్ని.

పురుగు పట్టకుండా అమ్మ ఆ బియ్యంలో బోరిక్ పౌడర్ కలుపుతుంది. ఆ పొడి ఛార్జింగ్ పెట్టే రంధ్రంలోకి పోయి పోయి, నేను ఇబ్రహీంపట్నం తిరిగి వచ్చే నాటికి ఫోను చచ్చిపోయింది. ఇక బాగుకాదని రిపేరు షాపతను చెప్పాడు.

మా ఆయన కొత్త ఫోను తెచ్చాడు, తన పేరు మీదే సిమ్ము వేసి. సంబరంగా ఆట తెరిచాను. నంబరుకు ఓటీపీ పంపామంది. పక్క గదిలో ఆయన ఫోను మోగింది.

"గిదేందో గేమ్ ఓటీపీ అంటున్నది. ఏందిది?"

చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటుంది? ఆయన చూద్దామని తన ఫోన్లోనే ఆ ఆట వేసుకుని, వచ్చిన అంకెలు కొట్టాడు. తాత వచ్చి తెర మీద నిలబడ్డాడు. కర్ర, నీలం అంగీ, గడ్డం.

"అరే! గిది మస్తు పెద్ద లెవెల్ ఉన్నది గదా! మా బస్సుల ఆడెటోళ్ళు ఎవ్వలు గిన్ని దినాలకు గూడ గీడిదాక రాలే. ఎవలిది?"

"నాదే. ఇటియ్యుర్రి."

"నీదా!" అని నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వాడు. నేను ఎవరినో కొట్టి లాక్కొచ్చినట్లు. "రెండు రోజులు ఆడి ఇస్త తీ. పాప ఉండంగ నీకు టైమ్ యాడిది?"

ఆ అకౌంటు ఒకసారి ఒక ఫోన్లోనే నడుస్తుంది. నాకు గుర్తున్న పాస్‌వర్డ్ కొట్టి నా ఫోన్లో తెరిచిన రోజు కంపెనీ బస్సులో ఆయన ఆట మధ్యలో ఆగిపోయిందట. సాయంత్రం ఇంటికి వచ్చి పాస్‌వర్డ్ మార్చాడు. నా ముందే, దాపరికం లేకుండా, చెప్పులు విడిచినంత తేలిగ్గా.

తర్వాత ఒక రోజు అన్నం తింటూ ఫోను నా వైపు తిప్పాడు. "సూడు, ఎట్ల జేసిన. గీ ముసలోడు రెండు దెబ్బలకే సస్తున్నడు. సంచిల ఏదో సీసా ఉంటే తాగిచ్చిన. పాయింట్లన్ని వాపస్ వచ్చినయి. అన్ని బలానికి పెట్టిన."

తాత చేతిలో కర్ర లేదు. కత్తి ఉంది.

"మంత్రగాడికి కత్తేంది?" అన్నాను.

"మరి కర్రతోని ఏం జేస్తడు? మేకలు గాస్తడా?"

తన జోకుకు తనే నవ్వుకుంటూ పెరుగు వేయమన్నాడు. వేశాను. మంత్రగాడు కత్తి పట్టుకుంటానంటే ఆట వద్దనదు. కానీ ఎంత బలం పెట్టినా కత్తి పట్టేవాళ్ళతో సరితూగడు. పెట్టిన తెలివి తుడుచుకుపోయాక మంత్రమూ పారదు. ఎందుకూ కాకుండా మిగిలిపోతాడు. ఇదంతా చెప్తే ఆటకు ఇంత లెక్చరా అంటాడు. చెప్పలేదు.

కనీసం టీమ్‌కైనా తెలియాలనిపించింది. నా ఫోన్లో కొత్త అకౌంటు తెరిచి, ఒకటో లెవెల్ మంత్రగాడిగా టీమ్ పెద్దకు మెసేజ్ పెట్టాను. అన్నా, ఇన్నేళ్ళు తాతను ఆడింది నేను, ఇప్పుడు ఆడుతున్నది మా ఆయన అని.

టీమ్ పెద్ద జవాబు పెట్టాడు. "చెల్లె, గట్ల మస్తుమంది జెప్తరు. తాత పొద్దుగాల్నే మాతోని మైకుల మాట్లాడిండు. గొంతు బాగయ్యిందట. మొగగొంతే."

నన్ను ఆడించి చూడమన్నాను. "సరే, మంచు కోట గేటు కాడికి రా, నీ ఆట సూద్దాం" అన్నాడు. ఒకటో లెవెల్ వాళ్ళకు ఆ గేటు తెరుచుకోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నా చేతిలో కప్పను కొట్టే మంత్రం ఒక్కటే ఉంది. కప్పను కొట్టి చూపిస్తే అది నేనేనని ఎవరు నమ్ముతారు?

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన హాల్లో పడుకుని స్పీకర్ పెట్టి ఆడుతున్నాడు. నేను పాపకు ఉగ్గు తినిపిస్తున్నాను. టీమ్ అరుపులు వంటింటి దాకా వినిపిస్తున్నాయి. "తాతా, ఆపు! ఆపవేందే! మీదికొస్తున్నయి!" చాలాసేపు విన్నాను. ఆపాల్సింది నేను. నా చేతిలో ఉగ్గు గిన్నె ఉంది.

"ఇటు రా, జర గిది పట్టు" అని పిలిచాడు మా ఆయన. "గీడొక్కటి దాటియ్యి."

పాపను చాప మీద కూర్చోబెట్టి ఫోను అందుకున్నాను. తాతకు శక్తి అడుగంటింది. ఒకప్పుడు వాన కురిసినట్లు మంచు కురిపించేవాడు, ఇప్పుడు చిటికెడు మంత్రం మిగిలింది. గుహలో ఎలుగుబంట్లు వస్తున్నాయి. తొందరపడితే అందరం పోతాం. ముందున్నవి దాటిపోయే దాకా గోడకు ఆనుకుని ఆగాను. "కొట్టు కొట్టు" అని మా ఆయన నా భుజం కుదుపుతున్నాడు. కొట్టలేదు. అన్నిటికన్నా పెద్దది ఇరుకు దారిలోకి వచ్చాక దాని కాళ్ళకు మంచు వేశాను. అది అక్కడే ఇరుక్కుపోయింది. దాని వెనకవన్నీ ఆగిపోయాయి.

స్పీకర్లో టీమ్ పెద్ద గొంతు వినిపించింది. "అగో! మన తాత వచ్చిండ్రా! ఇదీ తాత ఆటంటె!"

నా గురించి వాళ్ళు అరవడం ఎన్నోసార్లు విన్నాను. అయినా ఆ రోజు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మైకు ఆన్‌లోనే ఉంది. నోరు తెరిస్తే చాలు, గొంతు వాళ్ళకు చేరుతుంది. ఏమని మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాను. మా ఆయన నా భుజం మీదుగా ముందుకు వంగి, "అవ్ అన్న, గిన్ని దినాలు జర ఒంట్ల బాగలేకుండె" అన్నాడు.

"బీడీలు బంద్ జేసినవ్ గావొచ్చు!" అని వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. చాప మీద పాప నవ్వింది. నేను ఫోను తిరిగి ఇచ్చేశాను.

అప్పటి నుంచి అది నాకు ఇంకో ఇంటిపని అయింది. కుక్కర్ చూడు, పాపను చూడు, తాతను చూడు. కష్టమైన చోటు రాగానే పిలిచేవాడు. దాటించి ఇచ్చేదాన్ని. మెచ్చుకోళ్ళు ఆయనకు వెళ్ళేవి. బస్సులో ఆయనకు పేరొచ్చిందట. "మా కంపెనీల నన్ను గూడ తాత అంటున్నరు" అని మురిసిపోయాడు. తాతగా ఉండటం నాకెంత కష్టమైందో నేనెలా చెప్పను? ఆయన దృష్టిలో తాత అంటే ఫోన్లో దొరికిన ముసలోడు.

పాపకు టీకా వేయించిన రోజు జ్వరం వచ్చింది. తొడ గట్టిపడి ఎర్రగా ఉబ్బింది. జ్వరం మామూలేనని దవాఖానలో సిస్టర్ చెప్పే పంపింది. నాకు మామూలు అనే మాట ఎప్పుడూ పని చేయదు. థర్మామీటర్ పెట్టడం, తీయడం, తడిగుడ్డ వేయడం, ఊపిరి చూడటం. మా ఆయన ఫోను పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు.

"జర అయిదు నిమిషాలు రావా? అందరు ఆగిర్రు."

"చెయ్యి ఖాళీ లేదు."

"పాపను నేను పట్టుకుంట. నువ్వు ఆడు."

రెండు చేతులూ చాపాడు. పొద్దుటి నుంచి పాప ఒళ్ళు కాలుతుంటే ఒక్కసారి చాపని చేతులు. నేను పాపను ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"పాపను ఇయ్యను. గా ఆట ఆడను."

"గంత పొగరా? ఒక్క గేమ్ ఆడుమంటే?"

"ఆడెటాయన ఆడాలె."

నేను ఆయనకు ఎదురు చెప్పింది అంతే. ఆ రోజు గుహలో అందరూ చనిపోయారు. తర్వాత రెండు వారాలు ఆయన పిలిచినా నేను వెళ్ళలేదు. చివరికి టీమ్ పెద్ద మెసేజ్ పెట్టాడు. తాతా, నీకు మనసు లేనట్టున్నది, ఇంకో మంత్రగాడిని తెచ్చుకుంటున్నం, ఏమనుకోకు అని. టీమ్ నుంచి తీసేశారు. మా ఆయన కొంచెంసేపు తిట్టుకున్నాడు. ఆ ఆదివారానికి క్రికెట్ ఆట ఒకటి దించుకున్నాడు.

"నీ తాతను నువ్వే తీస్కో" అన్నాడు, క్రికెట్ నుంచి కళ్ళు తిప్పకుండా. ఓటీపీ కూడా అలాగే చదివి చెప్పాడు.

మా ఊళ్ళో ఎవరైనా గిన్నెలో కూర పంపితే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఇంట్లో ఏమీ లేకపోయినా చిటికెడు చక్కెర వేసి ఇస్తారు. నా గిన్నె ఖాళీగా వచ్చింది. తాత కోట గేటు బయట నిలబడి ఉన్నాడు. నీలం అంగీని మా ఆయన అమ్మేశాడు. పాయింట్లన్నీ బలంలో ఉన్నాయి. మరుపు సీసా ఇంకొకటి కావాలంటే ఆ కోట మళ్ళీ గెలవాలి. దానికి టీమ్ ఉండాలి. ముసలాయన ఒక్కడే ఆ కత్తి బరువుకు ఇంకొంచెం వంగినట్లు కనిపించాడు. అది నా కళ్ళ తప్పే, బొమ్మ అదే బొమ్మ. బంద్ చేసేశాను.

ఆ తర్వాత ఎప్పుడో ఆయనే అడిగాడు. "తాతను ఆడుతలేవా?"

"లేదు."

"మరి ఇచ్చెదాక గంత ముఖం ముడుసుకున్నవ్ గదా!"

మొన్న పాపను ఎత్తుకుని సాగర్ రోడ్డు మీద సెల్ షాపుకు వెళ్ళాను. మళ్ళీ కప్పల దగ్గర మొదలుపెట్టాలన్నా, ఇంకేది మొదలుపెట్టాలన్నా ముందు నా నంబరు నాకు ఉండాలనిపించింది. నా ఆధార్ ఇచ్చాను. షాపు అబ్బాయి వేలిముద్ర తీసుకున్నాడు, ఫోటో తీశాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

"ఇంకో నంబర్ జెప్పు అక్క. ఓటీపీ వస్తది."

"నాది చాలదా?"

"నీది ఇంక మొదలు గాలే గద అక్క. ఇంట్లోళ్ళది ఏదన్నుంటే జెప్పు."

పాప నా మెడలో గొలుసు పట్టుకుని గుంజుతోంది. బాపు నంబరు ఎప్పుడో బందయింది. అమ్మకు ఫోను లేదు. నా ఫోన్లో ఉన్న సిమ్ము నంబరు నేనెప్పుడూ ఎవరికీ ఇచ్చింది లేదు, అది నోటికి రాదు. వెనక ఇద్దరు నిలబడ్డారు. నాకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే ఉంది, నేను ఎన్నోసార్లు రాసినది. చెప్పాను. తర్వాత ఆ నంబరుకే ఫోను చేశాను.

"ఏదో ఓటీపీ వచ్చింది" అన్నాడు, బస్సు చప్పుడులో. "ఏంటికి?"

"సిమ్ముకు."

"ఉన్నది చాల్తలేదా?"

షాపు అబ్బాయి పెన్ను పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నాడు.

"సరే, రాస్కో" అని మా ఆయన ఒక్కో అంకే చదవడం మొదలుపెట్టాడు.